నిర్ముగ్గు ప్రాంతము

చింతలవల్లి పురపాలక సంఘం వారు సున్నపుబట్టీ సందు మొదట్లో కరెంటు స్తంభానికి అంటించిన నోటీసును ఆ సందులో పూర్తిగా చదివింది ఒక్క శిరోమణే. మిగతావాళ్లకు పనులున్నాయి. శిరోమణికీ ఉన్నాయి గానీ, పదో తరగతి పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేలోగా పెళ్లిపీటల మీద కూర్చున్న మనిషికి అక్షరం కనిపిస్తే వదలబుద్ధి కాదు. పప్పు కట్టిన కాగితం చదువుతుంది. దగ్గుమందు డబ్బాలో మడిచిపెట్టిన చీటీ చదువుతుంది. చదివాక ఆ మందు కూతురికి పొయ్యదు. చీటీలో రాసిన బాధలన్నీ పిల్లకు వచ్చేసినట్టే ఊహించుకుని మూడు రోజులు తనే దగ్గుతుంది.

నోటీసు పేరు ‘మన వాకిలి – మన బాధ్యత’. అందులో ఇలా ఉంది:

‘ఏ ఇంటివారు ఎంతవరకు ముగ్గు వేయుదురో అంతవరకు సదరు ఇంటి వాకిలిగా పరిగణించబడును. సదరు హద్దులోని చెత్త, బురద, కుక్కలు వగైరాలకు సదరు ఇంటివారే బాధ్యులు. ముగ్గు హద్దులోనికి వాహనములు ఇంటివారి అనుమతి లేనిదే ప్రవేశించరాదు.’

సందు ఊడ్చే మనుషులు చాలక, ఊడ్చే పని ఆడవాళ్ల మీదికి నెట్టడానికి ఎవరో తెలివైన అధికారి చేసిన ఏర్పాటు అది. శిరోమణికి మాత్రం ఆఖరి వాక్యం ఒక్కటే కనిపించింది.

ఎందుకంటే ఆమె కూతురు జోషితకు పదకొండు నెలలు. కొత్తగా పాకుతోంది. గడప దాటితే సందే. సందు వెడల్పు తొమ్మిది అడుగులు. పాలబండి అతను ఆ తొమ్మిది అడుగుల్లో విమానం లేపబోతున్నట్టు వస్తాడు. మొన్న మంగళవారం బండి చక్రానికీ పిల్ల వేళ్లకీ మధ్య జానెడు దూరం మిగిలింది. ఆ జానెడు శిరోమణి కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఆ సాయంత్రం మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పని ముగించుకుని వచ్చిన మొగుడు ఏడుకొండలుకి ఆమె నోటీసు సంగతి చెప్పింది.

“అంటే మన ముగ్గు ఎంత పెద్దదైతే పిల్లకి అంత భద్రత అన్నమాట.”

ఏడుకొండలు మిరపఘాటుకి రెండు తుమ్ములు తుమ్మి, “గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క కొట్టమంటావా?” అన్నాడు.

“చెక్క కొడితే చట్టం ఒప్పుకోవద్దూ! ముగ్గుకైతే రూలుంది.”

చెక్క అరగంట పని. ఆ మాట ఆమెకు నెల తర్వాత తట్టింది.

మర్నాడు పొద్దున్నే ఏడు చుక్కల ముగ్గు పదకొండు చుక్కలైంది. వాకిట్లోంచి మూడడుగులు సందులోకి వెళ్లింది. పాలబండి వచ్చింది. శిరోమణి నోటీసు మాటలు ఒప్పచెప్పింది. తన జీవితంలో రూలు అనేది ఎవరైనా చదవగా ఎన్నడూ వినని ఆ మనిషి బెదిరిపోయి, బండి దిగి, నడిపించుకుంటూ వెళ్లాడు. శిరోమణి గుండె నిండిపోయింది. జోషిత ముగ్గు మధ్యలో కూర్చుని తన రాజ్యాన్ని చూసుకుంది.

ఎదురింటి బసవపూర్ణమ్మ కూడా చూసింది.

“ఏమే శిరోమణీ, మీ తామరపువ్వు రేకు మా కాలవ వైపుకి వచ్చిందేందే?”

“పిల్ల కోసం పిన్నీ. ఆత్మరక్షణకే.”

“ఓహో. మరి మా ఇంటాయన కోసం ఎవరు గీస్తారు? ఆయనా ఈ మధ్య పిల్లాడల్లే తూలుతూనే నడుస్తున్నాడు.”

తెల్లవారి బసవపూర్ణమ్మ పదిహేను చుక్కలు పెట్టింది. శిరోమణి పదిహేడు పెట్టింది. బసవపూర్ణమ్మ రథం ముగ్గు వేసి, రథానికి తాడు గీసి, ఆ తాడును శిరోమణి గడప దాకా లాగింది. రథాన్ని ఎవరు లాగుతారో గానీ తాడు మాత్రం చాలా పొడుగుంది. ఇక ఇద్దరి ముగ్గులూ సందు నడిమధ్యన రోజూ ఒకదాని మీద ఒకటి పడుతుండేవి. ఆ నడుమ ఉన్న మూరెడు జాగాకి ‘వివాదం’ అని పేరొచ్చింది. ‘వివాదంలో పేడ పడింది’ అనేవాళ్లు. ఎవరూ తీసేవాళ్లు కాదు. తీస్తే తమదని ఒప్పుకున్నట్టు ఔతుందేమో, తియ్యకపోతే వదులుకున్నట్టు ఔతుందేమో ఎవరికీ తెలియదు. ఆ అయోమయంలో ఒక కుక్క అక్కడే నాలుగు పిల్లల్ని పెట్టింది.

ఈ గొడవలో బాగుపడింది ముగ్గుపిండి బండి వాడు. వారానికొకసారి వచ్చేవాడు రోజూ రాసాగాడు. శిరోమణి గుమ్మం ముందు ఆగి గొంతు తగ్గించి, “ఎదురింటావిడ మన పిండి ముట్టుకోదమ్మా. చీమలకి పుణ్యమని అచ్చం బియ్యప్పిండే వేస్తది. అది గాలికి లేచిపోద్ది. నువ్వు ఈ రాతిపిండిలో పొడిసున్నం కలుపు. టైరు తొక్కినా హద్దు చెరగదు” అన్నాడు. ఎదురింటి దగ్గర ఏం చెప్పాడో తెలియదు. అక్కడా గొంతు తగ్గించే చెప్పాడు.

శిరోమణి సున్నం కలిపింది. భద్రత విషయంలో రాజీ పడే రకం కాదు ఆమె.

ఇది చూసి సందులో మిగతా ఇళ్లు నిద్ర లేచాయి. ఎవరి ముగ్గు వాళ్లు పెంచారు. ముగ్గు చాలదని హద్దుల వెంట ఇటుకలు పేర్చారు. ఇటుకలు లేనివాళ్లు పూలకుండీలు పెట్టారు. కుండీలు లేనివాళ్లు ముసలివాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టారు. కూరగాయల బండి రావడం మానేసింది. నీళ్ల ట్యాంకరు సందు మొదట్లోనే ఆగిపోయింది. ఒకరి హద్దు మీదుగా ఇంకొకరి బిందె పోకూడదు గనక నీళ్లు పట్టుకోవడానికి కూడా ఒప్పందాలు కావలసి వచ్చాయి. చుక్కల మందు వేసే ఆశా కార్యకర్త సందు మొదట్లో నిలబడి, “పిల్లల్ని మీరే ఇక్కడికి తీసుకురండమ్మా, లోపలికి రావాలంటే నాకు భయంగా ఉంది” అని కేకేసింది.

మూడో వారంలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ పానకాలరావు గారు టేపు, రిజిస్టరు, ఇద్దరు మనుషులతో వేంచేశారు.

“ఆందోళన పడవలసిన అవసరము లేదు. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉన్నది” అన్నారు ఆయన, కుక్కపిల్లను తొక్కబోయి తప్పించుకుంటూ. “ఈ సందు పథకమును మిగుల ఉత్సాహముతో స్వీకరించినందులకు కమిషనర్ గారు హర్షము వ్యక్తము చేసియున్నారు. వాకిళ్ల విస్తీర్ణము మూడు రెట్లు పెరిగినది. సందు విస్తీర్ణము మాత్రము ఎందులకో పెరగలేదు.”

టేపుతో కొలుచుకుంటూ వచ్చి ఆయన శిరోమణి పక్కింటి మెట్ల దగ్గర ఆగిపోయారు. అది ఖాజాబీ ఇల్లు. ఖాజాబీ జాకెట్లు కుడుతుంది. భర్త పోయి ఆరేళ్లయింది, పిల్లల్లేరు. ఆమె గుమ్మం ముందు మూడు మెట్లు శుభ్రంగా కడిగి ఉన్నాయి. ముగ్గు మాత్రం లేదు.

“ఇచట ముగ్గు కనిపించుట లేదే?”

“మేం ముగ్గులేసే వాళ్లం కాదు సారూ” అంది ఖాజాబీ గుమ్మంలోంచి, నోట్లోని గుండుసూదులు తీసి. “కడుక్కుంటాం అంతే.”

పానకాలరావు గారు రిజిస్టరు తిరగేశారు. అలాంటి గడి లేదు. ఆయన చాలాసేపు ఆలోచించి, మార్జిన్‌లో ఒక మాట సృష్టించి రాశారు: నిర్ముగ్గు ప్రాంతము.

“ముగ్గు లేనిచో వాకిలి లేనట్లే. వాకిలి లేని గృహమునకు దారి ఉండుట పాలనాపరముగా సాధ్యము కాదు. కావున పరిపాలనా సౌలభ్యము నిమిత్తము, సదరు మెట్లను పక్కనున్న ముగ్గునందు విలీనము చేయుచున్నాము.” ఆయన శిరోమణి వైపు తిరిగారు. “అమ్మా, మీకు సమ్మతమేనా?”

ఖాజాబీ ఎవరనుకున్నారు! జోషిత పాలు తప్ప ఏదైనా తిందంటే అది ఆ మెట్ల మీద, ఆ అక్క ఒళ్లో. తల్లి ముద్ద పెడితే ఉమ్మే పిల్ల, కుట్టు మిషను చప్పుడు వింటూ ఖాజాబీ వేలితో గిన్నెడు పప్పన్నం తినేది. అలాంటి మనిషి మెట్లు తనకెందుకు? ‘వద్దండీ’ అందామని శిరోమణి నోరు తెరిచింది. అదే క్షణంలో మనసు ఒక లెక్క వేసింది. మూడు మెట్లు, ముందు నాలుగడుగులు. పిల్లకు అటువైపు నుంచి కూడా బండ్ల భయం ఉండదు.

“సంతకం ఎక్కడ పెట్టాలండీ?” అంది.

చేతివ్రాత బాగుందని పానకాలరావు గారు మెచ్చుకున్నారు. పదో తరగతి తర్వాత ఆమె చేతివ్రాతను మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఆ ముచ్చటలో ఖాజాబీ మొహం చూడటం మరిచిపోయింది.

వాళ్లు వెళ్లాక ఖాజాబీ అడిగింది. “అయితే అమ్మాయ్, నేను నా ఇంట్లోంచి కిందికి దిగాలంటే ఇప్పుడు నీ పర్మిషనా?”

“ఛ, అదేం మాటక్కా! నీ ఇష్టం వచ్చినప్పుడు దిగు. ఊరికే కాగితం మీద. పిల్ల కోసం.”

“నా దగ్గరికి జాకెట్లకి వచ్చేవాళ్లు?”

“వాళ్లూ రావచ్చు. కాకపోతే ఎవరెవరు వచ్చారో నన్ను రాసిపెట్టమన్నారు. పేరూ, ఊరూ, ఏ పని మీద వచ్చారో.”

“చేతుల కొలతలు కూడా రాసుకో. నాకు పని తగ్గుతది” అని ఖాజాబీ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆమె ముందు తలుపు తియ్యలేదు. దొడ్డి గోడలో రెండు రాళ్లు తీయించి, మురుక్కాలవ మీద ఒక పలక వేయించుకుని, వెనకనుంచే మెయిన్ రోడ్డు మీదికి రాకపోకలు మొదలుపెట్టింది. జాకెట్ల వాళ్లూ అటే. కుట్టు మిషను కూడా వెనక వసారాలోకి జరిగిపోయింది.

జోషిత తినడం మానేసింది. శిరోమణి పప్పన్నం పట్టుకుని తన విశాల సామ్రాజ్యంలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగింది. పిల్ల ఉమ్మింది. అంగన్‌వాడీలో తూకం వేస్తే, కార్డు మీద పైకి ఎక్కుతూ వచ్చిన గీత కిందికి వంగింది. టీచరు, “ఏందమ్మా, ఏమన్నా మార్పు జరిగిందా ఇంట్లో?” అని అడిగింది.

“మార్పేం లేదండీ. వాకిలి కాస్త పెద్దదైంది” అంది శిరోమణి.

ఆ శనివారం పొద్దున శిరోమణి లోపల పాలు పొంగుతుంటే వెళ్లింది. బండ్ల భయం లేదు గనక పిల్లను వాకిట్లో నిశ్చింతగా వదిలింది. మూడు వారాలుగా ఆమె సాధించింది ఆ నిశ్చింతే. పాలు దించి బయటకు వచ్చేసరికి జోషిత సరిగ్గా వివాదంలో, కుక్కపిల్లల పక్కన కూర్చుని ఉంది. రెండు చేతులూ తెల్లగా ఉన్నాయి. మూతి తెల్లగా ఉంది. నోరు కదులుతోంది. చాలా రోజుల తర్వాత ఏదో ఇష్టంగా తింటోంది.

ముగ్గు తింటోంది.

శిరోమణి వేసిన కేకకు ఇటుకల అవతల ముసలివాళ్లు కుర్చీల్లోంచి లేచారు. “ఆటో! ఆటో పిలవండమ్మా!” అని ఎవరో అరిచారు. ఆటో వచ్చింది. సందు మొదట్లో ఆగింది. ఆటో అతను మెడ చాచి చూశాడు. పద్నాలుగు ఇళ్ల ఇటుకలు, కుండీలు, కుర్చీలు. “ఎవరి పర్మిషన్ అడగాలి?” అన్నాడు. “మాది నేనిస్తా, ముందు వాళ్లనడుగు” అని మొదటింటావిడ. “నోటీసులో రాతపూర్వకంగా అని ఉందా?” అని మూడో ఇంటాయన. ఆ సంగతి తెలిసింది శిరోమణికి ఒక్కదానికే, ఆమె పిల్ల నోట్లోంచి పిండి గోకి తీస్తోంది.

అప్పుడు ఖాజాబీ ఇంటి ముందు తలుపు తెరుచుకుంది.

“ఇట్టా తీసుకురా పిల్లని! వెనక నుంచి పోదాం. ఏం చూస్తావ్, నీ మెట్లేగా, ఎక్కు!”

శిరోమణి పిల్లనెత్తుకుని ఆ మూడు మెట్లూ ఎక్కి, ఇంట్లోంచి, వసారాలోంచి, గోడ కంతలోంచి, మురుక్కాలవ మీది పలక మీదుగా పరిగెత్తింది. తన వల్ల దేశం విడిచిన మనిషి తవ్వుకున్న దారి అది. మెయిన్ రోడ్డుకు నూరు గజాలు కూడా లేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ పిల్ల నోరు తెరిచి టార్చి వేసి, “ఏం తింది?” అంది.

“ముగ్గండీ.”

“ఏ ముగ్గు? బియ్యప్పిండా, రాతిపిండా? సున్నం గానీ కలిసిందా? సున్నమైతే గొంతు కాలుతుంది, సంగతి వేరే. సరిగ్గా చెప్పండి.”

వివాదంలో రెండు ముగ్గులూ ఉన్నాయి. ఒక పక్క శిరోమణిది, సున్నం కలిపినది. ఒక పక్క బసవపూర్ణమ్మది. హద్దు సరిగ్గా ఎక్కడుందో మూడు వారాలుగా ఆమె రోజూ అరిచి చెబుతూనే ఉంది. ఇప్పుడు అడిగితే తెలియదు. ఆమె కళ్లు మూసుకుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. తెలియని దేవుడు ఒకాయన ఉంటే ఖాజాబీని అడిగి ఆయనకూ మొక్కింది. నా కూతురు హద్దు దాటి ఉండాలి తండ్రీ. ఎదురింటి వాళ్ల జాగాలోకి, ఎంత లోపలికి వీలైతే అంత లోపలికి వెళ్లి ఉండాలి. మన దాంట్లోది ఒక్క రవ్వ కూడా ముట్టుకుని ఉండకూడదు.

తలుపు దగ్గర రొప్పు వినిపించింది. బసవపూర్ణమ్మ. ఒక కాలికే చెప్పుంది.

“మాదేనే! మాది తిన్నది! చూసొచ్చా. మా రథం చక్రం సగం లేదు. నీ తామరపువ్వు ఒక్క రేకు కూడా చెక్కుచెదర్లేదు. బియ్యప్పిండి డాక్టరమ్మా, మిల్లు పట్టించిన బియ్యప్పిండి, నా మనవలైనా తినొచ్చు!”

డాక్టరమ్మ పిల్ల నాలుక మళ్లీ చూసి, వేళ్లు చూసి, తుడిచి, “ఎక్కడా ఎరుపు లేదు. రెండు గంటలు ఇక్కడే ఉంచండి. అయినా పిల్లకు ఇంట్లో అన్నం పెట్టరామ్మా?” అంది.

శిరోమణి ఏడ్చింది. బసవపూర్ణమ్మ ఏడ్చింది. ఖాజాబీ మాత్రం, “రథం చక్రం తిన్నది. వారం రోజుల తిండి ఒక్కసారే తిన్నట్టు” అంది.

సోమవారం పానకాలరావు గారు ఫైలుతో వచ్చారు. సందులో ఇటుకలు అప్పటికే సగం తీసేశారు. ఆయన ఆ సంగతి పట్టించుకోలేదు.

“సంఘటనపై విచారణ. బాలిక ఏ హద్దునందు భుజించినది? స్వంత హద్దునందైతే ఇంటివారి నిర్లక్ష్యము. పరాయి హద్దునందైతే చొరబాటు. రెండింటిలో ఏది రాయమందురు?”

బసవపూర్ణమ్మ కొంగు దోపుకుంది.

“చొరబాటేంది, మీ మొహం! మేమే భోజనానికి పిలిచాం. రాసుకోండి.”

పానకాలరావు గారు కలం ఎత్తి ఆలోచించారు. “భోజనమునందు ఏమి వడ్డించితిరి?”

“చక్రం.”

ఆయన రాసుకున్నారు. ఫైలు మూయబోతుంటే శిరోమణి దగ్గరకు వచ్చి నిలబడింది.

“సార్, ఖాజాబీ అక్క మెట్లు నేను తిరిగిచ్చేస్తానండీ. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి.”

ఆయన ఫైలంతా వెతికారు. సంచీ వెతికారు. చివరకు నిట్టూర్చారు.

“విలీనమునకు ఫారము ఉన్నదమ్మా. తిరిగి ఇచ్చుటకు లేదు. ఇంతవరకు ఎవరూ అడిగియుండలేదు.”

శిరోమణి లోపలికి వెళ్లి చీపురు తెచ్చి, ఆ మెట్ల ముందు తను రోజూ గీస్తూ వచ్చిన సున్నపు గీతల్ని ఊడవడం మొదలుపెట్టింది. మూడు చీపురు దెబ్బలు పడ్డాయో లేదో, “ఆగండమ్మా!” అని పానకాలరావు గారు చెయ్యెత్తారు. “మొన్న సవరణ వచ్చినది. ముగ్గు లేనిచోట ఎవరు ఊడ్చెదరో వారిదే వాకిలి. మీరు ఊడ్చుచున్న కొలదీ మీ అధికారము స్థిరపడుచున్నది.”

శిరోమణి చీపురు గాల్లో ఆగిపోయింది. ఊడిస్తే తనది. ఊడవకపోయినా తనదే. చుట్టూ చూసి, వేరే దారి కనపడక, మెట్ల మీద నిలబడి చూస్తున్న ఖాజాబీ చేతికి చీపురు అందించింది.

“అక్కా, ఇక నువ్వే...”

ఖాజాబీ చీపురును అటూ ఇటూ తిప్పి చూసింది.

“స్వతంత్రం ఇస్తానని వచ్చి చీపురు చేతిలో పెట్టావేందే?”

అన్నా, ఊడ్చింది. పానకాలరావు గారు కొలుచుకుని, నిర్ముగ్గు అన్న మాట కొట్టేసి, దానిమీద ‘స్వయం ఊడ్పు ప్రాంతము’ అని రాసుకుని సంతృప్తిగా వెళ్లిపోయారు. వసారాలోంచి కుట్టు మిషను ముందు గదిలోకి జరుగుతున్న చప్పుడు వినిపించింది.

కాసేపయ్యాక శిరోమణి ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో పప్పన్నం గిన్నెను పట్టుకుని కింది మెట్టు దగ్గర ఆగింది. నెల రోజుల క్రితమైతే ఆగేది కాదు.

“అక్కా, పైకి రావచ్చా?”

ఖాజాబీ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అడిగింది.

“పేరు, ఊరు, ఏ పని మీద వచ్చారు?”